డిసెబిలిటీ చెక్కు వస్తుండగా ఉద్యోగం: తొమ్మిదో నెల దాటాక ఏం జరుగుతుంది

అమెరికాలో డిసెబిలిటీ చెక్కు తీసుకుంటున్న తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది: "ఉద్యోగంలో చేరామంటే చెక్కు ఆగిపోతుంది, మెడికేర్ పోతుంది, మళ్లీ ఒంట్లో బాగుండకపోతే మొదటి నుంచీ అప్లై చేసుకోవాలి." ఈ మూడూ అనుకున్నంత నిజాలు కావు. కానీ ఈ భయంతోనే రోజుకు నాలుగు గంటలు పని చేయగల ఓపిక ఉన్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోతున్నారు. ఇంకోపక్క ధైర్యం చేసి చేరినవాళ్లలో కొందరికి ఏడాదిన్నర, రెండేళ్లు గడిచాక వేల డాలర్లు వెనక్కి కట్టమని ఉత్తరం వస్తుంది. ఉద్యోగంలో చేరిన రోజున ప్రమాదమేమీ లేదు. తొమ్మిది నెలల పని పూర్తయ్యాక కూడా ఏమీ మారనట్టు చెక్కులు వస్తూనే ఉంటాయి చూడండి, ప్రమాదం అక్కడుంది.

ముందుగా మీకు వచ్చేది ఏ చెక్కో తేల్చుకోండి. ఎస్‌ఎస్‌డీఐ, ఎస్‌ఎస్‌ఐ పేర్లు దగ్గరగా ఉన్నా రూల్స్ పూర్తిగా వేరు. ఎస్‌ఎస్‌డీఐ అనేది మీరు ఉద్యోగం చేసిన రోజుల్లో కట్టిన ఫైకా పన్ను (జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి కోసుకునేది) మీద వచ్చే హక్కు. హెచ్1బీ మీద పని చేసిన ఏళ్లు కూడా ఇందులో లెక్కకొస్తాయి. స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో ఉండి ఫైకా కట్టని నెలలు మాత్రం రావు. ఎస్‌ఎస్‌ఐ అనేది ఆదాయం, ఆస్తి బాగా తక్కువున్నవాళ్లకిచ్చేది. చెక్కు ఒకటో తారీఖున వస్తుంటే అది ఎస్‌ఎస్‌ఐ. పుట్టినరోజును బట్టి నెలలో రెండో, మూడో, నాలుగో బుధవారం వస్తుంటే ఎస్‌ఎస్‌డీఐ. కొందరికి రెండూ వస్తాయి. ఇక్కడ రాసేదంతా ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీఐ గురించి. ఎస్‌ఎస్‌ఐ గురించి తర్వాత కొంచెం చెబుతాను.

ఇంకో మాట. మీ అప్లికేషన్ ఇంకా పెండింగ్‌లో ఉంటే కింద చెప్పే వెసులుబాట్లు మీకు వర్తించవు. అప్రూవ్ కాకముందు పని మొదలుపెడితే కేసే దెబ్బతినవచ్చు. లాయరుతో మాట్లాడకుండా చేరకండి.

చేరే ముందు తెప్పించుకోవాల్సిన కాగితం

సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి ఫోన్ చేసి, లేదా వెళ్లి, "బీపీక్యూవై కావాలి" అని అడగండి. బెనిఫిట్స్ ప్లానింగ్ క్వెరీ అంటారు. మీ రికార్డులో ఉన్న విషయాలన్నీ అందులో అచ్చయి వస్తాయి: ఏ బెనిఫిట్, ఎంత, మెడికేర్ ఎప్పటి నుంచి, ట్రయల్ వర్క్ పీరియడ్‌లో (చెక్కు ఆగకుండా పని చేసి చూసుకునే తొమ్మిది నెలల్లో) ఇప్పటికే ఎన్ని నెలలు వాడుకున్నారు, తర్వాతి మెడికల్ రివ్యూ ఎప్పుడు. ఆ నెలల సంఖ్య చాలా ముఖ్యం. మూడేళ్ల కిందట పండగ సీజన్‌లో రెండు నెలలు షాపులో చేసిన పని మీకు గుర్తుండకపోవచ్చు, రికార్డులో ఉంటుంది. తొమ్మిది నెలలున్నాయనుకుని చేరితే తీరా ఏడే మిగిలి ఉండొచ్చు.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని టికెట్ టు వర్క్ హెల్ప్‌లైన్‌కి, 1-866-968-7842కి, ఫోన్ చేసి విపా కౌన్సెలర్ని, అంటే పనిలో చేరితే బెనిఫిట్లు ఏమవుతాయో చెప్పేవాళ్లని, అడగండి. మీ ప్రాంతంలో ఉన్నవాళ్లతో కలుపుతారు. డబ్బులేమీ తీసుకోరు. మీ జీతం చెబితే ఏ నెల నుంచి ఏమవుతుందో లెక్క వేసి రాతపూర్వకంగా ఇస్తారు.

తొమ్మిది నెలలు

ట్రయల్ వర్క్ పీరియడ్ అంటే తొమ్మిది నెలల పరీక్షా కాలం. ఈ నెలల్లో నెలకు పదివేల డాలర్లు సంపాదించినా చెక్కు పూర్తిగా వస్తుంది. షరతులు రెండే: పని చేస్తున్నట్టు చెప్పాలి, వైకల్యం అలాగే ఉండాలి. 2026లో ఒక నెల జీతం 1,210 డాలర్లు దాటితే ఆ నెల ఒకటి ఖర్చయినట్టు. 2025లో ఈ గీత 1,160. దాటని నెల లెక్కకు రాదు. తొమ్మిదీ వరుసగా ఉండక్కర్లేదు. ఏ 60 నెలల్లోనైనా తొమ్మిది పడితే పీరియడ్ అయిపోయినట్టే.

ఆ తర్వాత వచ్చేది 36 నెలల కాలం. ఇక్కడి నుంచి వేరే గీత. దాన్ని ఎస్‌జీఏ అంటారు, "చెప్పుకోదగ్గ సంపాదన" అనే అర్థంలో. 2026లో నెలకు 1,690 డాలర్లు, చూపు లేనివాళ్లకు 2,830. ఈ 36 నెలల్లో గీత దాటిన నెలకు చెక్కు ఉండదు, దాటని నెలకు ఉంటుంది. కొత్త అప్లికేషన్ అక్కర్లేదు. మొదటిసారి గీత దాటిన నెలకీ, ఆ తర్వాతి రెండు నెలలకీ మాత్రం దాటినా చెక్కు ఇస్తారు. దాన్ని గ్రేస్ పీరియడ్ అంటారు.

ఒక లెక్క చూద్దాం. 2026 మార్చి మొదటి వారంలో గంటకు 22 డాలర్ల మీద, వారానికి 20 గంటల పనిలో చేరారనుకుందాం. వారానికి 440, సగటున నెలకు సుమారు 1,907. మార్చి నుంచి నవంబరు దాకా తొమ్మిది నెలలు 1,210 దాటుతుంది. ఆ తొమ్మిది నెలలూ జీతమూ వస్తుంది, పూర్తి చెక్కూ వస్తుంది. డిసెంబరులో ఎస్‌జీఏ గీత ముందుకొస్తుంది. 1,907 అంటే 1,690 దాటింది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి గ్రేస్. 2027 మార్చి నెలకు సంబంధించిన చెక్కు నుంచి ఇక రాకూడదు. 36 నెలలు 2029 నవంబరుతో ముగుస్తాయి. ఈలోపు గంటలు తగ్గి, జీతం గీత కిందికొచ్చిన నెలకు మళ్లీ చెక్కు ఉంటుంది. గీతలు ఏటా జనవరిలో మారతాయి కాబట్టి 2027 నుంచి కొత్త అంకెలతో పోల్చుకోవాలి.

2027 మార్చి నుంచి "రాకూడదు" అన్నాను, "రాదు" అనలేదు. ఆ తేడా సంగతి కింద చెబుతాను.

1,907ని 1,657 చేయడం ఎలా

చాలామంది తేలిగ్గా వదిలేసే చోటు ఇదే. ఎస్‌జీఏ లెక్క గ్రాస్ జీతం మీద మొదలవుతుంది. పన్ను, ఇన్సూరెన్స్, 401కే కోతలు పోగా చేతికి వచ్చే మొత్తం మీద కాదు. కానీ కొన్ని ఖర్చులు గ్రాస్‌లోంచి తీసేయమని అడగొచ్చు. వీటిని ఐఆర్‌డబ్ల్యూఈ అంటారు: మీ వైకల్యం వల్ల, ఆ పని చేయడానికి అవసరమై, మీ జేబులోంచి కట్టి, ఇన్సూరెన్స్ తిరిగివ్వని ఖర్చు. మందుల కోపే (ఇన్సూరెన్స్ పోగా మీరు కట్టే వాటా), పారాట్రాన్సిట్ (వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిపే బండి) ఛార్జీ, వీల్‌చెయిర్ బ్యాటరీ, పనికి తయారవడానికి సాయం చేసే మనిషికిచ్చే డబ్బు, ఇలాంటివన్నీ.

పై ఉదాహరణలో నెలకు మందుల కోపే 90, పారాట్రాన్సిట్ 160 అనుకోండి. మొత్తం 250. 1,907లోంచి తీసేస్తే 1,657. గీత కింద! డిసెంబరులో గీత దాటినట్టే కాదు, గ్రేస్ నెలలు మొదలవవు, చెక్కు ఆగే ప్రశ్నే రాదు. అందుకే రసీదులు దాచమని బతిమాలి చెబుతున్నాను. ఫార్మసీ ఇచ్చే చిన్న స్లిప్పు కూడా పారేయకండి. ఫోనులో ఫొటో తీసి, నెలవారీ ఫోల్డర్‌లో పెట్టండి. ఒక్క హెచ్చరిక: ఈ తీసివేత ట్రయల్ నెలల గీతకు వర్తించదు. అక్కడ చూసేది గ్రాస్ మాత్రమే.

ఇలాంటిదే ఇంకొకటి, సబ్సిడీ. మీకు అదనంగా విరామాలిస్తున్నారు, పక్కవాళ్లు మీ పనిలో కొంత చేస్తున్నారు, అయినా పూర్తి జీతమే ఇస్తున్నారు అనుకోండి. అప్పుడు జీతంలో మీ పనికి తగ్గ భాగాన్నే లెక్కలోకి తీసుకోమని అడగొచ్చు. మేనేజరు ఎస్‌ఎస్‌ఏ-3033 ఫారం నింపాలి. మనవాళ్లు మేనేజర్ని అడగడానికి మొహమాటపడతారు. దయచేసి పడకండి. "నా పనిలో తేడా ఉంది" అని చెప్పుకోవడం నామోషీ కాదు, ఆ ఫారం పెట్టిందే దీనికోసం.

సెలవు రోజులకూ, సిక్ లీవుకూ ఇచ్చిన జీతం చేసిన పనికి వచ్చింది కాదు కనుక దాన్ని కూడా తీసేయమని అడగవచ్చు.

పేస్టబ్ చదవడం

రెండు వారాలకోసారి జీతం వచ్చే ఉద్యోగాల్లో ఏడాదికి రెండు నెలలు మూడేసి పే చెక్కులు పడతాయి. పై ఉదాహరణలో ఒక్కో చెక్కు 880, మూడు పడితే 2,640. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసినవాళ్లకు ఆ నెల గీత ఎక్కడో దాటినట్టు కనపడుతుంది. ఎస్‌ఎస్‌డీఐలో లెక్కించాల్సింది డబ్బు చేతికొచ్చిన నెల కాదు, పని చేసిన నెల. మీరు వివరం ఇవ్వకపోతే మాత్రం డబ్బు పడిన నెలలోనే సంపాదించినట్టు అనుకునే వీలు ఆఫీసుకుంది. కాబట్టి పే పీరియడ్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ కనపడేలా పేస్టబ్ (జీతం చీటీ) మొత్తం ఇవ్వండి. ఏదైనా స్టబ్ పోతే కంగారు పడొద్దు. దాని ముందుదానిలోనూ తర్వాతిదానిలోనూ ఉన్న వైటీడీ (ఏడాది మొదటి నుంచి అప్పటిదాకా వచ్చిన మొత్తం) అంకెల తేడాలోంచి తర్వాతి స్టబ్ గ్రాస్ తీసేస్తే, పోయినదానిలో ఎంతుందో తేలిపోతుంది.

కొట్లో కూర్చోవడం కూడా పనే

బావగారి గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర, అక్కావాళ్ల గ్రోసరీలో బిల్లింగ్ దగ్గర ఊరికే సాయంగా కూర్చుంటే జీతం లేదు కదా, చెప్పక్కర్లేదు అనుకుంటారు. అలా కాదు. జీతం తీసుకోకపోయినా ఆ పనికి బయట ఎంత ఇస్తారో చూసి విలువ కట్టగలరు. సొంత వ్యాపారమైతే ఖర్చులు పోగా మిగిలింది 1,210 దాటినా, నెలకు 80 గంటలకు మించి పని చేసినా, ట్రయల్ నెల ఒకటి పోయినట్టే. నష్టాల్లో నడుస్తున్న కేటరింగ్ అయినా సరే, 80 గంటలు దాటితే అంతే. మీరు పని చేసి జీతం భార్య పేరునో భర్త పేరునో రాయించుకునే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. అది పొరపాటు కిందకు రాదు, మోసం కిందకు వస్తుంది. డబ్బు కట్టడంతో పోదు.

ఒక ఊరట: ఎస్‌ఎస్‌డీఐ చూసేది పని చేసి సంపాదించిన డబ్బునే. విజయవాడ ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, షేర్ల లాభం ఈ గీతల్లోకి రావు. పన్ను రిటర్నులో చూపించాల్సిన సంగతి వేరు.

చెప్పడం, చెప్పినట్టు రుజువు ఉంచుకోవడం

చేరగానే చెప్పండి. ఆన్‌లైన్‌లో మై సోషల్ సెక్యూరిటీ అకౌంటులో చెప్పొచ్చు, 1-800-772-1213కి ఫోన్ చేయొచ్చు, ఆఫీసుకి వెళ్లొచ్చు. ఉద్యోగం మొదలైన తేదీ, కంపెనీ, గంట రేటు, వారానికి ఎన్ని గంటలు, వైకల్యం వల్ల అయ్యే ఖర్చులు, ఇవన్నీ చెప్పాలి. జీతం పెరిగినా, గంటలు మారినా, మానేసినా మళ్లీ చెప్పాలి. ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఫోనులో చెబితే తేదీ, టైము, మాట్లాడినవాళ్ల పేరు రాసిపెట్టుకుని, అదే విషయం కాగితం మీద రాసి సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా పంపండి.

కొన్నాళ్లకు ఎస్‌ఎస్‌ఏ-821 అనే ఫారం వస్తుంది. సొంత వ్యాపారమైతే 820. మీ పని మీద రివ్యూ మొదలైందని అర్థం. అందులో ఖర్చులు, ప్రత్యేక సాయం గురించి అడిగే గళ్లు ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. పైన చెప్పిన 250, సబ్సిడీ రాయాల్సింది సరిగ్గా అక్కడే.

రాకూడని చెక్కు వచ్చినప్పుడు

2027 మార్చి నుంచి రాకూడదన్న చెక్కు చాలాసార్లు వస్తూనే ఉంటుంది. మీరు చెప్పిన సంగతి రికార్డులోకి ఎక్కడం వేరు, దాని మీద నిర్ణయం తీసుకుని చెక్కు ఆపడం వేరు. రెండో పని నెలల తరబడి సాగుతుంది. "నేను చెప్పాను, వాళ్లే ఆపలేదు" అన్నది సమంజసమైన మాటే. కానీ ఒక్క దానివల్లే బాకీ మాఫీ కాదు. నెలకు 1,900 చొప్పున పద్నాలుగు నెలలు వస్తే 26,600 డాలర్లు. మీ రికార్డు మీద పిల్లలకు కూడా చెక్కు వస్తుంటే అది కూడా దీంతో కలుస్తుంది.

అందుకని గ్రేస్ నెలలు అయిపోయాక వచ్చే ప్రతి చెక్కునీ వేరే సేవింగ్స్ అకౌంటులో వేసి ముట్టుకోకండి. కారు రిపేరు వచ్చినా సరే, ఊరికి టికెట్లు కొనాల్సొచ్చినా సరే. అడిగిన రోజున తీసి ఇచ్చేయొచ్చు. ఒకవేళ లెక్క మీకు అనుకూలంగా తేలితే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

ఓవర్‌పేమెంట్ ఉత్తరం వస్తే పక్కన పడేయొద్దు. దాని మీదున్న తేదీ చూడండి. లెక్క తప్పనిపిస్తే 60 రోజుల్లో ఎస్‌ఎస్‌ఏ-561 వేసి అపీల్ చేయాలి. లెక్క సరే, మీ తప్పు లేదు, కట్టే స్తోమతు లేదు అనుకుంటే ఎస్‌ఎస్‌ఏ-632 వేసి మాఫీ అడగాలి. దానికి గడువు లేదు. రెండింటిలో ఏదైనా మొదటి 30 రోజుల్లో వేస్తే నిర్ణయం వచ్చేదాకా చెక్కులో కోత మొదలుకాదు. మీరు ఎప్పటికప్పుడు తీసుకున్న రసీదులు పనికొచ్చేది ఇక్కడే. తప్పు మీది కాదని చూపించేవి అవే.

మెడికేర్, హెచ్‌ఎస్‌ఏ, ఎల్‌టీడీ

ట్రయల్ నెలలు అయిపోయాక కూడా కనీసం 93 నెలలు మెడికేర్ కొనసాగుతుంది, అంటే ఏడేళ్లు దాటి. ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏకి ప్రీమియం ఉండదు. డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బీకి 2026లో సాధారణంగా నెలకు 202.90 డాలర్లు. ఇది ఇంతకాలం చెక్కులోంచే కోసుకునేవాళ్లు కనుక దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. చెక్కు ఆగాక మూడు నెలలకోసారి బిల్లు ఇంటికి వస్తుంది. అదేదో ప్రకటన అనుకుని పారేస్తే పార్ట్ బీ రద్దయిపోతుంది. చెక్కు ఆగిన నెలలోనే బ్యాంకు నుంచి ఆటోమేటిగ్గా కట్టే ఏర్పాటు చేసుకోండి.

కొత్త కంపెనీలో హెల్త్ ప్లాన్ తీసుకుంటే, వంద మంది, అంతకు పైన ఉద్యోగులున్న చోట కంపెనీ ప్లాన్ ముందు కడుతుంది, అంతకన్నా చిన్నదైతే మెడికేర్ ముందు. ఐటీలో చేరేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: మెడికేర్ ఉన్నంతకాలం హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే అకౌంటులో) ఒక్క డాలరు కూడా వేయకూడదు. కంపెనీ వాళ్లంతట వాళ్లు వేసే మొత్తం కూడా ఇందులోకే వస్తుంది. ఎన్‌రోల్‌మెంట్ రోజునే హెచ్‌ఆర్‌కి చెప్పి ఆపించండి.

పాత కంపెనీ ద్వారా ఎల్‌టీడీ (లాంగ్ టర్మ్ డిసెబిలిటీ) ఇన్సూరెన్స్ డబ్బు కూడా వస్తుంటే అది పూర్తిగా వేరే వ్యవహారం. ట్రయల్ పీరియడ్ వాళ్లకు పట్టదు. పాలసీలో తిరిగి పనిలో చేరడం గురించి ఉన్న పేజీ చదివి, ఇన్సూరెన్స్ కంపెనీకి విడిగా చెప్పండి.

ఎస్‌ఎస్‌ఐ అయితే

ఇక్కడ ట్రయల్ నెలలు లేవు. మొదటి నెల నుంచే తగ్గుతుంది, కానీ మెల్లగా. జీతంలో మొదటి 85 డాలర్లు వదిలేసి మిగిలినదాంట్లో సగం తీసేస్తారు. 2026లో పూర్తి ఎస్‌ఎస్‌ఐ 994. నెలకు 885 సంపాదిస్తే 800లో సగం 400 పోయి 594 వస్తుంది, జీతంతో కలిపి 1,479. పని చేస్తే చేతిలో డబ్బు పెరుగుతుందే గాని తగ్గదు. చెక్కు సున్నా అయినా, ఆస్తి పరిమితిలో ఉండి జీతం మీ రాష్ట్రం పెట్టిన గీత దాటనంతవరకు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) నిలబడుతుంది. ఇక్కడ జీతం చేతికొచ్చిన నెలే లెక్క, ఎస్‌ఎస్‌డీఐకి పూర్తిగా రివర్సు. తర్వాతి నెల పదో తారీఖులోపు చెప్పాలి. ఒక మనిషికి ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు, జీతం పోగుపడితే దాటేస్తుంది. అందుకు ఏబుల్ అకౌంటు (వైకల్యం ఉన్నవాళ్లు ఆస్తి లెక్కలోకి రాకుండా దాచుకునేది) తెరవండి. ఇండియాలో తాతగారు ఎస్‌ఎస్‌ఐ తీసుకునే మనిషి పేరున వేసిన ఎఫ్‌డీ, కొన్న ప్లాటు కూడా ఆస్తి కిందే చూస్తారు. వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఎస్‌ఎస్‌ఐ ఆగుతుంది, వేసవిలో ఊరికి వెళ్లే ముందు చూసుకోండి.

మళ్లీ ఒంట్లో బాగుండకపోతే

36 నెలలు దాటాక గీతకు పైన సంపాదించిన మొదటి నెలతో ఎస్‌ఎస్‌డీఐ ముగుస్తుంది. అలా ముగిశాక కూడా అయిదేళ్లపాటు తలుపు తెరిచే ఉంటుంది. అదే జబ్బు, లేదా దానికి సంబంధించిన జబ్బు వల్ల పని చేయలేకపోతే కొత్త అప్లికేషన్ బదులు ఎస్‌ఎస్‌ఏ-371 ఫారంతో తిరిగి పెట్టమని అడగొచ్చు. వాళ్లు పరిశీలిస్తున్నంతకాలం ఆరు నెలల వరకు తాత్కాలికంగా చెక్కు ఇస్తారు. చివరికి కాదన్నా సాధారణంగా ఆ డబ్బు వెనక్కి అడగరు. ఫోన్ చేసేటప్పుడు "ఎక్స్‌పెడైటెడ్ రీఇన్‌స్టేట్‌మెంట్ కావాలి" అని ఆ పేరు పట్టుకునే అడగండి. ఉత్తినే మళ్లీ డిసెబిలిటీ కావాలంటే కొత్త అప్లికేషన్ చేతిలో పెట్టి పంపే అవకాశం ఉంది.